అది 45 డిగ్రీలు కాదండీ, 45 కెల్విన్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో అణువుల మందం అయస్కాంతాల మీద వ్యాసం వేశారు, చదివాను. ముందుగా థాంక్స్ చెప్పాలి, రాశిఫలాలకీ వంటల పేజీకీ మధ్యలో క్రోమియం ట్రైఅయోడైడ్ అనే పేరు తెలుగు పేపర్లో చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ అందులో ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. ఈ ఒంటిపొర పదార్థం 45 డిగ్రీల వరకు అయస్కాంతంగానే ఉంటుంది అని రాశారు. 45 డిగ్రీలంటే మా నెల్లూరులో మే నెల మధ్యాహ్నం అండి. అది చదివినవాళ్ళు ఎవరైనా ఏమనుకుంటారు, ఓహో ఎండాకాలంలో కూడా పనిచేస్తుందన్నమాట, ఇంకేం రేపో ఎల్లుండో ఫోన్లలోకి వచ్చేస్తుంది అనుకుంటారు. నా పాత స్టూడెంట్ ఒకబ్బాయి అదే అడుగుతూ ఫోన్ చేశాడు కూడా. అసలు సంగతి ఏంటంటే అది 45 కెల్విన్, అంటే అంతకంటే చల్లబరచలేని చోట సున్నా పెట్టి లెక్కించే కొలతలో 45. మన సెల్సియస్ లెక్కలో మైనస్ 228. ఒక్క కెల్విన్ అనే మాట ఎగిరిపోతే 273 డిగ్రీల తేడా వచ్చింది, ఈ సబ్జెక్టులో అది అచ్చుతప్పు కింద వదిలేసే తేడా కాదు, ఎందుకంటే ఈ మొత్తం కథలో సగం టెంపరేచర్ గురించే.

రెండోది ఫొటో. వ్యాసం పక్కన ఎర్ర రంగు గుర్రపునాడా అయస్కాంతం, దానికి అతుక్కున్న మేకులు, కింద ఎలక్ట్రిక్ కార్ల మోటార్లకి దారి అని క్యాప్షన్. కార్ల మోటార్లలో వాడేవి నియోడిమియం మాగ్నెట్లు, వాటి గొడవ వేరే, 2025లో చైనా ఎగుమతులకి బ్రేక్ వేసినప్పుడు మన కంపెనీలు కంగారుపడింది వాటికోసం. మన విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ళ ప్లాంటులో తయారయ్యే సమారియం కోబాల్ట్ మాగ్నెట్లు కూడా ఆ జాతివే, గట్టిగా లాగే పని. మీరు రాసిన ఈ పొరలు దేన్నీ లాగవు, ఒక్క మేకుని కూడా ఎత్తలేవు, ఎత్తాలని ఎవరూ అనుకోవట్లేదు కూడా. ఒక పొర మందం 0.7 నానోమీటర్. వీటి విలువ లాగే బలంలో లేదు, వాటిలోంచి కరెంటు ఎలా పోతుంది, ఎప్పుడు పోతుంది, ఎప్పుడు ఆగిపోతుంది అనే దాంట్లో ఉంది. మీ వ్యాసం ఆ విషయం ఒక్క ముక్క కూడా చెప్పలేదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సొస్తోంది, పూర్తిగా వెయ్యకపోయినా మీరైనా చదవండి.

పొరలు అంటే మా వైపు వాళ్ళకి పెద్దగా వివరించక్కర్లేదు. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేసిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, అభ్రకం పలకని గోరుతో మీటితే రేకులు రేకులుగా ఎలా ఊడొస్తుందో వాళ్ళకి తెలుసు. అభ్రకంలో రేకుల మధ్య పొటాషియం అయాన్లు ఉంటాయి, అవి రెండు వైపుల్నీ కొంచెం గట్టిగానే పట్టి ఉంచుతాయి. క్రోమియం ట్రైఅయోడైడ్ లాంటి వాటిలో పొరల మధ్య ఆ పట్టు కూడా లేదు, ఉన్నదల్లా వాండర్ వాల్స్ బలం, చాలా వీక్. ఒక్కో పొర లోపల మాత్రం అణువుల బంధాలు గట్టివి, మధ్యలో క్రోమియం, పైనా కిందా అయోడిన్. అందుకని సెల్లోటేప్ అంటించి లాగితే పొరలు విడిపోతాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, నొవొసెలోవ్ ఇదే టేప్ పద్ధతిలో గ్రాఫైట్ నుంచి గ్రాఫీన్ తీశారు, 2010లో నోబెల్ వచ్చింది. తర్వాత ప్రపంచంలో ప్రతి ల్యాబూ ఏదో ఒక పొరల పదార్థానికి టేప్ అంటించి చూసింది. ఆ ముక్కల్ని సిలికాన్ బిల్ల మీద పెడతారు, దాని పైన దాదాపు 285 నానోమీటర్ల ఆక్సైడ్ ఉంటే మామూలు మైక్రోస్కోపులోనే ఒక పొర ఎక్కడుంది, రెండు పొరలు ఎక్కడున్నాయి అనేది రంగు తేడాతో కంటికి కనపడిపోతుంది. కోట్ల రూపాయల ఫిజిక్స్ మొదలయ్యేది స్టేషనరీ షాపు సరుకుతోనే అన్నమాట.

మరి గ్రాఫీన్ 2004లో వస్తే ఒంటిపొర అయస్కాంతం 2017 దాకా ఎందుకు రాలేదు అనేది మంచి ప్రశ్న. వెనక ఒక సిద్ధాంతం ఉంది. 1966లో మెర్మిన్, వాగ్నర్ అని ఇద్దరు లెక్క వేసి చూపించారు, రెండు డైమెన్షన్ల పొరలో, ఒక్కో అణువు దగ్గర ఉండే బుల్లి అయస్కాంతాల్లాంటి స్పిన్‌లు ఏ దిక్కుకైనా సమానంగా తిరగగలిగితే, సున్నా కెల్విన్ పైన ఎంత చిన్న వేడి ఉన్నా చాలు, అవన్నీ ఒకే దిక్కు చూస్తూ నిలబడలేవు అని. కారణం ఏంటంటే అలాంటి పొరలో పొడవాటి స్పిన్ అలలు లేవడానికి దాదాపు ఖర్చే ఉండదు, కొంచెం వేడి తగిలితే చాలు లెక్కలేనన్ని అలలు లేచి వరస మొత్తం చెదిరిపోతుంది. ఇది చదివి చాలామంది ఒంటిపొర అయస్కాంతం కుదరదు అని అనుకున్నారు, కానీ సిద్ధాంతంలో ఒక షరతు ఉంది కదా, ఏ దిక్కుకైనా సమానంగా తిరగగలిగితే అని. ఆ షరతు తప్పితే సిద్ధాంతం వర్తించదు. స్పిన్‌లకి పైకో కిందకో మాత్రమే ఇష్టం ఉంటే వరస నిలబడుతుందని 1944లోనే లార్స్ ఆన్సాగర్, అలాంటి స్పిన్‌ల లెక్క అయిన ఐసింగ్ మోడల్‌ని రెండు డైమెన్షన్లలో పూర్తిగా సాల్వ్ చేసి చూపించాడు. అంటే కావలసింది ఒక దిక్కు మీద మొగ్గు. క్రోమియం ట్రైఅయోడైడ్‌లో ఆ మొగ్గు ఎక్కడినుంచి వస్తుందంటే అయోడిన్ నుంచి, అయస్కాంతత్వం ఉన్నది క్రోమియం దగ్గరే, దాని మూడు డి ఎలక్ట్రాన్లు ఒకే వైపు తిరిగి ఉంటాయి, కానీ అయోడిన్ బరువైన అణువు కాబట్టి దాంట్లో స్పిన్‌కీ ఎలక్ట్రాన్ కక్ష్యకీ మధ్య లింకు చాలా ఎక్కువ, పక్కపక్క క్రోమియంలు మాట్లాడుకునేది ఆ అయోడిన్ ద్వారానే, అందుకని ఆ మాటల్లోనే నిలువు దిక్కు మీద మొగ్గు కలిసిపోతుంది. అయోడిన్ బదులు తేలికైన క్లోరిన్ పెడితే స్పిన్‌లు నిలువుగా నిలబడవు, పొర తలంలోనే పడుకుంటాయి. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన విషయం ఇదే, అయస్కాంతం కాని అణువు అయస్కాంతాన్ని నిలబెడుతోంది.

2017లో రెండు పేపర్లు నేచర్‌లో పక్కపక్కనే వచ్చాయి. ఒకటి సియాటిల్ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో షియావ్‌డాంగ్ షూ, ఎంఐటీలో పాబ్లో హరీయో హెరేరో టీములు కలిసి చేసింది, అదే క్రోమియం ట్రైఅయోడైడ్ ఒంటిపొర, 45 కెల్విన్. పెద్ద క్రిస్టల్ అయితే 61 కెల్విన్. రెండోది బర్క్‌లీ టీముది, క్రోమియం జర్మేనియం టెల్యూరైడ్ అనే ఇంకో పదార్థం, దాంట్లో రెండు పొరల దాకా చూశారు. అంతకు ముందు 2016లోనే సోల్‌లో ప్రొఫెసర్ పార్క్ జె గన్ టీమ్ ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్ ఒంటిపొరలో ఎదురెదురు స్పిన్‌ల వరసని, అంటే యాంటీఫెర్రోని, రామన్ పద్ధతిలో, అంటే చెదిరిన వెలుతురు రంగు మార్పు చూసి, చూపించింది, 118 కెల్విన్ దాకా. ఆ రామన్ ఎఫెక్ట్ మన సి.వి. రామన్ గారిదే. కానీ ఈ కొరియా పనికి వార్తల్లో రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం, ఎదురెదురు స్పిన్‌లు బయటికి అయస్కాంతంలా కనిపించవు కాబట్టి హెడ్డింగ్ పెట్టడం కష్టం, అంతే.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తా, కరెంటు.

క్రోమియం ట్రైఅయోడైడ్ కరెంటుని పోనివ్వదు, ఇన్సులేటర్ లాంటిది. కానీ పొర మరీ పల్చనైతే ఎలక్ట్రాన్లు దాన్ని, ఎక్కి దిగకుండా నేరుగా అవతలికి దూరిపోయే టన్నెలింగ్‌తో దాటేస్తాయి, ఇది క్వాంటమ్ మెకానిక్స్‌లో మామూలే, డిగ్రీ సెకండియర్ వాళ్ళకి కూడా తెలుసు. ఇక్కడ మెలిక ఏంటంటే ఎలక్ట్రాన్ స్పిన్ ఆ పొర స్పిన్ వైపే ఉంటే దానికి అడ్డం తక్కువ ఎత్తు, ఎదురుగా ఉంటే ఎక్కువ ఎత్తు. ఇప్పుడు రెండు పొరలు తీసుకోండి. మామూలుగా పల్చటి ముక్కల్లో ఒక పొర పైకి చూస్తే రెండోది కిందకి చూస్తుంది, అది వాటి సహజ స్థితి. పైకి స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ మొదటి పొర సులువుగా దాటి రెండో పొర దగ్గర ఇరుక్కుంటుంది, కిందకి స్పిన్ ఉన్నది మొదటి పొర దగ్గరే ఇరుక్కుంటుంది. రెండు తలుపులు ఒకదాని వెనక ఒకటి ఉండి ఎప్పుడూ ఒకటి మూసే ఉన్నట్టు. ఒక 0.65 టెస్లా మాగ్నెటిక్ ఫీల్డ్ పెట్టగానే రెండు పొరలూ ఒకే వైపు తిరుగుతాయి, ఒక స్పిన్ వాళ్ళకి రెండు తలుపులూ తెరుచుకుంటాయి, కరెంటు ఒక్కసారి ఎగురుతుంది. 2018లో సియాటిల్ టీమ్ నాలుగు పొరలతో చేస్తే ఈ మార్పు 19,000 శాతం వచ్చింది. 19,000 శాతం అంటే కరెంటు దాదాపు 190 రెట్లు పెరిగిందని అర్థం. అదే ఏడాది ఎంఐటీ వాళ్ళూ, జెనీవాలో మోర్పుర్గో టీమూ విడివిడిగా ఇలాంటివే చూశారు, కాబట్టి ఎవరో ఒక్క ల్యాబ్‌లో పొరపాటున వచ్చింది కాదు.

ఈ అంకె ఎందుకు పెద్దదో తెలియాలంటే పాత కథ కొంచెం చెప్పాలి. మన హార్డ్‌డిస్కులు చదివేది అయస్కాంతాన్ని బట్టి కరెంటు మారడం అనే గుణంతోనే, 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ కనిపెట్టింది, 2007లో నోబెల్ వచ్చింది, 1990ల చివర్లోనే ఐబీఎం డిస్కుల్లోకి వచ్చేసింది కూడా. ఆ తర్వాతి మెట్టు టన్నెల్ జంక్షన్, రెండు అయస్కాంత లోహాల మధ్య ఒక పల్చటి ఇన్సులేటర్. 1975లో ఫ్రాన్స్‌లో జూలియర్ దీన్ని బాగా చల్లగా చేసి చూపించాడు, మామూలు గది వేడిలో గట్టిగా చూపించింది 1995లో ఎంఐటీలో మన భారతీయ మూలాలున్న జగదీశ్ మూడేరా టీమ్, అప్పుడు వచ్చిన మార్పు పది పన్నెండు శాతం. జపాన్‌లో మియజాకి కూడా అదే టైములో చేశాడు. 2004లో మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పెట్టగానే 200 శాతం దాకా వెళ్ళింది, ఐబీఎంలో స్టూవర్ట్ పార్కిన్, జపాన్‌లో యువాసా. తర్వాత గది వేడిలో 600 శాతం దాటించారు. ఇప్పుడు ఎంర్యామ్ అని వస్తున్న మెమరీ చిప్స్ చాలావరకు ఈ మెగ్నీషియం ఆక్సైడ్ దయే. వీటన్నిట్లో అయస్కాంతాలు అంచుల్లో ఉంటాయి, మధ్యలో ఉన్న అడ్డం మామూలుది. క్రోమియం ట్రైఅయోడైడ్‌లో తిరగబడింది ఇదే, అంచుల్లో ఉన్నది మామూలు గ్రాఫైట్, అడ్డమే అయస్కాంతం. అడ్డం తనే స్పిన్‌ని వడకడుతోంది కాబట్టి ఒక్కో పొర పెరిగేకొద్దీ వడపోత బిగుస్తుంది. అయితే ఆ 19,000 శాతం వచ్చింది లిక్విడ్ హీలియం చలిలో, 600 శాతం వచ్చింది గది వేడిలో, కాబట్టి రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి వేల శాతం మెరుగు అని హెడ్డింగ్ పెట్టేయకండి దయచేసి, టెంపరేచర్ రాయకుండా ఈ రెండిటినీ పోల్చడం కుదరదు.

ఇంకో తమాషా ఉంది. పెద్ద క్రిస్టల్ చల్లబరిస్తే పొరలన్నీ ఒకే వైపు చూస్తాయి, పూర్తి అయస్కాంతం. అదే పల్చటి ముక్క తీస్తే పక్క పొరలు ఎదురెదురు. పదార్థం అదే, అణువులు అవే, ఎందుకిలా అని చాలామంది తల గోక్కున్నారు. చివరికి తేలింది ఏంటంటే పొర మీద పొర ఎక్కడ కూర్చుంది అనేది తేడా. పెద్ద క్రిస్టల్ చల్లారేటప్పుడు ఒక 210, 220 కెల్విన్ దగ్గర పొరలు కొంచెం పక్కకి జరిగి సర్దుకుంటాయి, పల్చటి ముక్కలు అలా జరగకుండా పాత పొజిషన్‌లోనే ఉండిపోతాయి. 2019లో పల్చటి ముక్కల మీద ప్రెషర్ పెట్టి నొక్కి పొరల్ని జరిపిస్తే ఎదురెదురుగా ఉన్నవి ఒకే వైపు తిరిగాయి, ప్రెషర్ తీసేసినా అలాగే ఉన్నాయి. ఒక్క పొర కూడా మార్చకుండా, ఏ కెమికల్ కలపకుండా, కొంచెం పక్కకి జరపడంతో కరెంటు పోయే తీరే మారిపోయింది. ఇలాంటిది మామూలు ఇనుములో కుదరదు.

ఫీల్డ్ పెట్టి తిప్పడం సరే, చిప్‌లో ప్రతి బిట్ పక్కనా మాగ్నెట్ పెట్టలేం కదా, వోల్టేజ్‌తో తిప్పగలిగితేనే ఉపయోగం. 2018లోనే సియాటిల్ టీమూ, జీ షాన్, కిన్ ఫాయ్ మాక్ టీమూ రెండు పొరల ముక్కకి గేట్ వోల్టేజ్ ఇచ్చి, అందులోకి ఎలక్ట్రాన్లు ఎక్కించి, పొరల మధ్య ఉన్న ఎదురెదురు వరసని మార్చగలిగారు. ట్రాన్సిస్టర్‌లో గేట్ చేసే పనే, కాకపోతే ఇక్కడ మారేది అయస్కాంతం. ఐరన్ జర్మేనియం టెల్యూరైడ్ అనే ఇంకో పొరల పదార్థం ఉంది, ఇది లోహం, కరెంటు హాయిగా పోతుంది. పెద్ద క్రిస్టల్‌గా ఇది 220 కెల్విన్ చుట్టుపక్కల దాకా అయస్కాంతం, ఒంటిపొర అయితే 130కి పడిపోతుంది. షాంఘైలో ఫుడాన్ యూనివర్సిటీ టీమ్ 2018లో మూడు పొరల ముక్కలోకి లిథియం అయాన్ల గేట్‌తో ఎలక్ట్రాన్లు ఎక్కించి, అయస్కాంతత్వాన్ని 300 కెల్విన్ దాకా, అంటే మామూలు గది వేడిదాకా తీసుకెళ్ళారు. వోల్టేజ్ నాబ్ తిప్పితే క్యూరీ టెంపరేచర్, అంటే అయస్కాంతత్వం పోయే టెంపరేచర్, పెరగడం! ఇనుము 1043 కెల్విన్ దగ్గర అయస్కాంతత్వం పోగొట్టుకుంటుందని పుస్తకంలో చదువుకున్నాం, అది ఇనుము జాతకం, మార్చలేం అనుకున్నాం, ఇక్కడ జాతకమే నాబ్ మీద ఉంది.

ఇంత చిన్న ముక్కలో అయస్కాంతం ఉందని ఎలా కనుక్కుంటారు అని కొందరికి డౌట్ రావచ్చు. ఒకటి కెర్ ఎఫెక్ట్, ఒక దిక్కుకి సర్దిన (పోలరైజ్ చేసిన) వెలుతురు పొర మీద పడి తిరిగొచ్చేటప్పుడు ఆ దిక్కు కొంచెం తిరుగుతుంది, ఆ కోణం కొలుస్తారు. ఒక పొరకి తిరిగింది, రెండు పొరలకి సున్నా, మూడింటికి మళ్ళీ తిరిగింది, ఎదురెదురు పొరలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి కాబట్టి. లోహం అయితే హాల్ వోల్టేజ్ చాలు, కరెంటుకి అడ్డంగా వచ్చే వోల్టేజ్‌లోనే అయస్కాంతం సంగతి తెలిసిపోతుంది. ఈ హాల్ ఎఫెక్ట్ 1879 నాటిది.

ఇక టెంపరేచర్. నా రిక్వెస్ట్ ఏంటంటే ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ఆ పదార్థం 77 కెల్విన్‌కి పైనా కిందా అనేది తప్పనిసరిగా రాయండి. 77 ఎందుకంటే అది లిక్విడ్ నైట్రోజన్ మరిగే చోటు, మైనస్ 196 సెల్సియస్. దానికి కింద అయితే లిక్విడ్ హీలియం కావాలి, లేదా ఖరీదైన క్రయోజెనిక్ మెషిన్ కావాలి. హీలియం మనం బయటినుంచి తెచ్చుకునేదే, రేటు అడిగితే ప్రిన్సిపాల్ గారు ఫైలు మూసేస్తారు. లిక్విడ్ నైట్రోజన్ అలా కాదు. మన పల్లెల్లో పశువుల ఆసుపత్రికి వెళ్ళి చూడండి, ఎద్దుల వీర్యం స్ట్రాలు దాచడానికి ఆ పొగలు కక్కే క్యాన్లు ఉంటాయి, గోపాలమిత్రలు బండి వెనక కట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటారు. క్రోమియం ట్రైఅయోడైడ్ ఒంటిపొర 45, అంటే గోపాలమిత్ర క్యాన్‌కి అందదు. ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్ 118, అందుతుంది. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్ అని ఇంకోటి ఉంది, పెద్ద క్రిస్టల్ 132, ఒంటిపొర 146, హాయిగా అందుతుంది, పైగా ఇది సెమీకండక్టర్, గాలికి కూడా బాగానే తట్టుకుంటుంది, నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది ఇదే. దీంట్లో పొరల స్పిన్‌లు ఒకే వైపు ఉన్నాయా ఎదురెదురా అనే దాన్ని బట్టి అది విడుదల చేసే వెలుతురు ఎనర్జీ కూడా మారుతుంది, అంటే కరెంటుతోనే కాదు వెలుతురుతో కూడా అయస్కాంతాన్ని చదవొచ్చు. ఒక మంచి క్రిస్టల్ దొరికితే జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ కూడా నైట్రోజన్ పోసి దాని రెసిస్టెన్స్ ఎలా మారుతుందో కొలవొచ్చు, ఇది నేను ఊరికే అనట్లేదు, నాలుగు తీగల పద్ధతి మా బీఎస్సీ ల్యాబ్‌లో ఎప్పటినుంచో ఉన్నదే.

గది వేడి దాటిన పదార్థం కూడా ఉందండి. ఐరన్ గాలియం టెల్యూరైడ్, 2022లో చైనా నుంచి వచ్చింది, పెద్ద క్రిస్టల్‌గా 350 నుంచి 380 కెల్విన్ దాకా అయస్కాంతమే, అంటే సెల్సియస్‌లో 77 నుంచి 107. మీరు వేసిన 45 డిగ్రీలు నిజంగా దీనికైతే సరిపోయేది, వేరే పదార్థానికి తగిలించారు. కాబట్టి గది వేడిలో పనిచేయడం అనేది ఇంక పెద్ద గోడ కాదు, ఇప్పుడున్న గోడలు వేరే. ఒకటి గాలి. క్రోమియం ట్రైఅయోడైడ్ పల్చటి ముక్క బయట పెడితే తేమకీ వెలుతురుకీ కొద్ది నిమిషాల్లోనే పాడైపోతుంది, మన కోస్తా గాలిలో అయితే చెప్పక్కర్లేదు. అందుకే ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో చేతులు దూర్చి పనిచేసి, పైనా కిందా బోరాన్ నైట్రైడ్ పొర కప్పి బయటికి తీస్తారు. రెండోది సైజు. టేప్‌తో వచ్చే ముక్క వెంట్రుక మందం అంత వెడల్పు ఉంటే గొప్ప. ఒక్కో ముక్కా చేత్తో వెతుక్కుని చేత్తో పేర్చే పని అది, ఫ్యాక్టరీలో బిల్లలకి బిల్లలు దింపాలంటే పొరని నేరుగా సిలికాన్ మీద పెంచాలి, ఆ పని నడుస్తోంది కానీ మెగ్నీషియం ఆక్సైడ్ వాళ్ళకున్న చేతి నేర్పు ఇంకా వీళ్ళకి రాలేదు. అందుకని త్వరలో మీ ఫోన్‌లో అనే మాట వాడకపోతే మంచిది.

ఇంకొకటి చెప్పి ముగిస్తా, అమరావతి క్వాంటమ్ వ్యాలీ అని రోజూ వార్తలు వేస్తున్నారు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది. మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్ అనే పొరల అయస్కాంతం లోపల కరెంటు పోదు, అంచుల్లో మాత్రం ఒకే దిక్కుకి, దారిలో నష్టం లేకుండా పోతుంది. 2020లో ఫుడాన్ వాళ్ళు ఐదు పొరల ముక్క తీసి, బయట ఏ మాగ్నెటిక్ ఫీల్డూ లేకుండా, 1.4 కెల్విన్ దగ్గర, అడ్డ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డంగా వచ్చే వోల్టేజ్‌ని కరెంటుతో భాగిస్తే వచ్చేది, సుమారు 25,813 ఓమ్‌ల మెట్టు మీద కూర్చోవడం చూపించారు. ఆ అంకె ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ చార్జ్ రెండిటినుంచే వస్తుంది, ముక్క సైజుతో సంబంధం లేదు. బేసి పొరలైతే ఇలా, సరి పొరలైతే పైకీ కిందకీ స్పిన్‌లు కొట్టేసుకుని ప్రవర్తన ఇంకోలా. అంతకుముందు 2013లో బీజింగ్‌లో షూ చికున్ టీమ్ ఇదే ఎఫెక్ట్‌ని క్రోమియం కలిపిన వేరే పదార్థంలో మొదటిసారి చూపించినప్పుడు 0.03 కెల్విన్ దాకా చల్లబరచాల్సొచ్చింది. 0.03 నుంచి 1.4 దాకా అంటే పేపర్లో చూడటానికి ఏమీ లేదు, ల్యాబ్‌లో అది సున్నా కెల్విన్ దగ్గరిదాకా చల్లబరిచే డైల్యూషన్ ఫ్రిజ్‌కీ మామూలు హీలియం పాత్రకీ ఉన్న తేడా. అమరావతికి వస్తుందని ప్రకటించిన ఐబీఎం 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్ కూడా ఆ డైల్యూషన్ ఫ్రిజ్ చలిలోనే బతుకుతుంది, దాని గురించి రాసేటప్పుడైనా డిగ్రీలా కెల్వినా అనేది ఒకటికి రెండుసార్లు చూసి వేయండి.

నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 2023లో 6,003 కోట్లు కేటాయించారు, అందులో మెటీరియల్స్, డివైసెస్ హబ్ ఐఐటీ ఢిల్లీలో ఉంది. బిల్డింగుల ఫొటోలు, ఒప్పందాల సంతకాల ఫొటోలు మీ పేపర్లో చూస్తూనే ఉన్నాం. నేను అడిగేది వేరే ఫొటో. జపాన్‌లో సుకుబా అనే ఊళ్ళో వతనబే, తనిగుచి అని ఇద్దరున్నారు, పెద్ద ప్రెస్‌లో బోరాన్ నైట్రైడ్ క్రిస్టల్స్ పెంచి ప్రపంచమంతా ల్యాబులకి పంపుతారు, గ్రాఫీన్, పొరల అయస్కాంతాల మీద వచ్చే మంచి పేపర్లలో పేర్ల వరస చివర్లో వాళ్ళిద్దరి పేర్లు వందల సార్లు కనిపిస్తాయి. ఆ క్రిస్టల్ లేకపోతే పైన చెప్పిన ప్రయోగాల్లో చాలా వాటికి కప్పుకోడానికి దుప్పటే లేదు. క్రోమియం ట్రైఅయోడైడ్ పెంచడం దానికంటే సులువు, క్వార్ట్జ్ గొట్టంలో క్రోమియం, అయోడిన్ వేసి గాలి తీసేసి సీల్ చేసి, ఒక చివర 650 డిగ్రీలు, ఇంకో చివర దానికంటే ఓ వంద తక్కువ పెట్టి రోజుల తరబడి ఫర్నేస్‌లో ఉంచితే చల్ల చివర నల్లటి మెరిసే రేకులు పేరుకుంటాయి. ఈ 650 మాత్రం సెల్సియస్సే, కెల్విన్ అని దిద్దకండి. మన హైదరాబాద్‌లో, బెంగుళూరులో, మద్రాసులో ఇలా గొట్టాల్లో క్రిస్టల్స్ పెంచే పీహెచ్‌డీ పిల్లలు ఉంటారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉంటారు. ఒక రిపోర్టర్‌ని ఫొటోగ్రాఫర్‌తో అక్కడికి పంపండి, ఫర్నేస్ ఎన్ని రోజులు నడుస్తుంది, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారు, ఎన్ని గొట్టాలు పగులుతాయి, వచ్చిన క్రిస్టల్ ఎవరికి ఇస్తారు, జిల్లా కాలేజీ వాళ్ళు అడిగితే ఒక రేకు ఇస్తారా ఇవ్వరా, ఇవన్నీ అడిగి రాయించండి. ఇస్తామంటే నైట్రోజన్ క్యాన్ సంగతి మా పశువుల డాక్టరు గారితో నేను మాట్లాడుకుంటాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
నెల్లూరు